(నవ్వు) అని రాస్తే సరిపోతుందా?

అక్షరాలమూట · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ, నేనుగా మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. రికార్డు చేసిన మాటల్ని విని రాతలో పెట్టడం నా పని. ఇంటర్వ్యూలు, మీటింగులు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు, ఏవి వస్తే అవి. ఎనిమిదేళ్లయింది.

మాట కానిదాన్ని మేం బ్రాకెట్లలో పెడతాం. (దగ్గు), (ఫోన్ మోగింది), (మౌనం), (నవ్వు). ఈ చివరిది నా వేళ్లకు ఎంత అలవాటైందంటే, చెవిన నవ్వు పడగానే చెయ్యి దానంతటదే టైప్ చేసేస్తుంది.

పోయిన వారం ఒక పెద్దావిడ ఇంటర్వ్యూ వచ్చింది. ఇంట్లోవాళ్ల కోసం కూతురు రాయించుకుంటున్నారు. మనవడు ప్రశ్నలు అడుగుతుంటే ఆవిడ తన జీవితం చెబుతోంది. నలభై మూడో నిమిషంలో భర్త పోయిన రోజుల దగ్గరికి వచ్చి, "ఆయన పోయాక ఆ గదిలోకి నేను మళ్లీ వెళ్లనే లేదురా. తలుపు కూడా తియ్యలేదు" అంది. అని నవ్వింది. నేను (నవ్వు) అని పెట్టి ముందుకెళ్లిపోయాను.

ఫైలు పంపిన రెండో రోజు కూతురు ఫోన్ చేశారు. కోపంగా కాదు, మెల్లగానే అడిగారు. "మా అమ్మ అక్కడ నవ్వి ఉండదండీ. మీరు నవ్వు అని రాశారు. చదువుతుంటే అమ్మ ఏదో తేలిగ్గా చెప్పేసినట్టు ఉంది" అన్నారు.

మళ్లీ విన్నాను. పది పన్నెండు సార్లు విన్నాను. నవ్వే అది. ముక్కులోంచి రెండుసార్లు గాలి వదిలింది, "హు... హు" అని. రెండోది చిన్నది. తర్వాత ఒక గుటక. ఆ తర్వాత ఏడు సెకన్లు ఏమీ లేదు.

ఆ చోట ఏం రాయాలి? దీనికి తెలుగులో మాట ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, శుక్రవారం లోపు సరిచేసి పంపాలి.

వేకువచుక్క · సోమవారం, రాత్రి 9:58

"బాధగా నవ్వింది" అని రాసెయ్యండి. చదివేవాళ్లకు అర్థమైపోతుంది.

అక్షరాలమూట · సోమవారం, రాత్రి 10:05

మొదట నాకూ అదే తట్టిందండీ. కానీ "బాధగా" అన్నది నేను పెట్టే మాట అవుతుంది, ఆవిడది కాదు. నాకు వినపడింది రాయాలి గానీ నాకు అనిపించింది రాయకూడదు. అదీగాక ఆ గొంతులో బాధ ఒక్కటే ఉందని కూడా గట్టిగా చెప్పలేను.

పదశోధి · సోమవారం, రాత్రి 11:31

అమ్మా, మంచి ప్రశ్న వేశావు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తోచింది చెబుతాను. కాస్త పొడవవుతుంది.

నవ్వుకు మన భాషలో మాటలు తక్కువేం లేవు. కానీ వాటి తీరు గమనించు. తెలుగు నవ్వు పక్కన శబ్దాన్ని నిలబెడుతుంది. పకపక, కిలకిల, ఇకఇక, వికవిక. నోరు తెరిచి నవ్వితే పకపక, గొంతు సన్నగా ఉంటే కిలకిల. ఆపుకోలేక ఒక్కసారిగా పెదాలు విడివడితే ఫక్కున. పెదాలు బిగబట్టినా ముక్కులోంచి తప్పించుకుంటే కిసుక్కున. ఒక్కసారి ఈ రెండు మాటలూ పైకి అనిచూడు. "ఫక్కు" అంటే పెదాలే పేలతాయి, "కిసుక్కు" అంటే పళ్ల సందులోంచి గాలి పోతుంది. ఆ మాట పలకాలంటే నువ్వు సగం నవ్వాల్సిందే. ముసిముసి నవ్వులో అసలు శబ్దమే లేదు, అయినా దానికీ ఒక జంట మాట ఇచ్చుకున్నాం.

సంస్కృతం నుంచి వచ్చినవి వేరే దారిలో నడుస్తాయి. "హస్" అనే ధాతువుకు ముందు ఒక ముక్క తగిలిస్తే నవ్వు ఉద్దేశమే మారిపోతుంది. మందహాసం, పరిహాసం, అపహాస్యం, అట్టహాసం. తెలుగు మాట నవ్వు ఎలా వినిపించిందో చెబితే, సంస్కృత పదం ఎందుకు నవ్వారో చెబుతుంది. నీకు కావలసింది మొదటిదే.

నవ్వుకు పాత రూపం "నగు". నగవు, నగుమోము, నగుబాటు అన్నీ అందులోంచి వచ్చినవే. కన్నడంలో ఇప్పటికీ "నగు" అనే అంటారు. తమిళంలో "నగై" అంటే నవ్వూ, ఆభరణమూ రెండూను. తమిళుల పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియంలో మనసు ఒంటి మీదికి తేలే ఎనిమిది భావాలు చెప్పి, అందులో నగైని మొదట పెట్టారు. అది నాలుగింటి వల్ల పుడుతుందట: ఎగతాళి, పసితనం, తెలియనితనం, అమాయకంగా నమ్మేయడం. చూశావా, ఆ నాలుగింటిలో మీ పెద్దావిడ నవ్వుకు చోటు లేదు.

భరతుడి నాట్యశాస్త్రంలో మాత్రం ఉంది. అక్కడ నవ్వుకు ఆరు మెట్లు. పళ్లు కనపడనిది స్మితం, కొద్దిగా కనపడేది హసితం, మెత్తని శబ్దంతో వచ్చేది విహసితం, ముక్కుపుటాలు ఉబ్బేది ఉపహసితం. ఐదోది అపహసితం, అంటే సందర్భం కానిచోట, కళ్లలో నీళ్లతో, భుజాలూ తలా కదులుతూ నవ్వేది. ఆరోది అతిహసితం, పక్కలు పట్టుకుని పెద్దగా నవ్వడం. సందర్భం కానిచోట, కళ్లనీళ్లతో. నీ నలభై మూడో నిమిషానికి దగ్గరగా వచ్చేది అదొక్కటే.

ఆరోమెట్టు · మంగళవారం, ఉదయం 7:10

మాస్టారూ, ఒక మాట. ఆ ఆరు నవ్వుల్లో మొదటి రెండూ ఉత్తములకు, మధ్య రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు అని పంచారు కదా. అంటే కన్నీళ్లతో నవ్విన ఆ ముసలావిడ అధమపాత్ర అవుతుందా? నాకిది మింగుడు పడటం లేదు.

పదశోధి · మంగళవారం, ఉదయం 8:02

సరిగ్గా పట్టుకున్నావు నాయనా. ఆ మాట నేను చెప్పకుండా వదిలేయడం తప్పే. అది రంగస్థలం మీద ఏ పాత్ర ఎలా నవ్వాలో నటులకు చెప్పిన లెక్క. రాజు పాత్ర భుజాలు ఊపుతూ నవ్వితే అతకదని వాళ్ల ఉద్దేశం. ఆ వర్ణన మటుకు తీసుకుందాం, ఆ తరగతులు మనకొద్దు.

శబ్దగ్రాహి · మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను ఆడియో ఎడిటింగ్ చేస్తాను. మాటల సంగతి మాస్టారు చెప్పారు, శబ్దం సంగతి నేను చెబుతాను.

నవ్వు శబ్దాన్ని గీతలుగా కంప్యూటర్ తెర మీద పెట్టి చూస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది. చిన్న గీత, ఖాళీ, చిన్న గీత, ఖాళీ. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని కొలిచాడు. ఒక్కో "హ" సుమారు 75 మిల్లీసెకన్లు. ఒక "హ" మొదలైన దగ్గర్నుంచి తర్వాతి "హ" మొదలయ్యేదాకా సుమారు 210. నవ్వు ఎంత పద్ధతిగా నడుస్తుందంటే, టేపును వెనక్కి తిప్పి వినిపించినా నవ్వులాగే ఉంటుంది. మాటను తిప్పి వినండి, ఏ భాషో కూడా తెలీదు. నవ్వు మామూలుగా చివరికొచ్చేసరికి సన్నగిల్లుతుంది, తిప్పితే పెరుగుతూ పోతుంది, తేడా అంతే.

ఆయన చేసిన ఇంకో పని నాకు చాలా ఇష్టం. విద్యార్థులతో కలిసి జనం మామూలుగా తిరిగే చోట్ల సుమారు 1,200 నవ్వుల్ని గమనించి, ప్రతి నవ్వుకూ ముందు ఏ మాట పడిందో రాసుకున్నారు. 1993లో అచ్చయింది. జోకులాంటి దాని తర్వాత వచ్చినవి నూటికి పదీ ఇరవై మధ్యే. మిగతావన్నీ "సరే మరి, మళ్లీ కలుద్దాం" లాంటి ఉత్త మాటల తర్వాత వచ్చినవే. వినేవాళ్ల కంటే మాట్లాడేవాళ్లే 46 శాతం ఎక్కువ నవ్వారట. ఎవరో ఏదో సరదాగా అంటే ఎదుటివాళ్లు నవ్వుతారని కదా మనం అనుకుంటాం. జరిగేది చాలాసార్లు దానికి తిరగబడి ఉంటుంది. మీ పెద్దావిడ తను చెప్పి తనే నవ్వడంలో వింతేం లేదు.

ఈ పనిలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక పని చెప్పాలి. నిడివి తగ్గించమంటే నవ్వులన్నీ కత్తిరించేవాణ్ణి. మాట పోవడం లేదు కదా అని. ఒకసారి అన్నదమ్ముల సంభాషణలో చిన్నాయన "నువ్వసలు మనిషివేనా" అంటాడు. అని నవ్వుతాడు. నవ్వు తీసేశాను. అది విని పెద్దాయన నాకు ఫోన్ చేసి, "మా వాడు నన్ను తిట్టలేదండీ, మీరు తిట్టించారు" అన్నారు. ఆ రోజు నుంచి నవ్వు కత్తిరించాలంటే చెయ్యి ఆగుతుంది.

అక్షరాలమూట గారూ, మీ దగ్గరున్న ఆ చోటు తెర మీద ఎలా ఉందో చూసి చెప్పగలరా? దువ్వెనలా ఉందా?

అక్షరాలమూట · మంగళవారం, సాయంత్రం 6:20

ఇప్పుడే చూశానండీ. దువ్వెనలా లేదు. రెండు ముద్దలు. మొదటిది వెడల్పు, రెండోది దాంట్లో సగం. రెంటి మధ్యా దాదాపు అర సెకను ఖాళీ.

తెల్లకోటు · మంగళవారం, రాత్రి 10:47

నాడీ వైద్య విభాగంలో పనిచేస్తాను. రోజూ చూసే విషయం కాబట్టి రాయాలనిపించింది.

నవ్వుకు మెదడులో రెండు దారులున్నాయి. ఒకటి మనం కావాలని నవ్వేది, రెండోది దానంతటదే వచ్చేది. పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. "పళ్లు చూపించండి" అంటే కొందరిలో నోరు ఒకవైపే కదులుతుంది, రెండోవైపు వేలాడిపోతుంది. అదే మనిషి మంచం దగ్గరికి మనవరాలు పరిగెత్తుకొస్తే, మూతి రెండువైపులా సమానంగా లేస్తుంది. ఇంట్లోవాళ్లు "నయమైపోయింది డాక్టరు గారూ" అని సంబరపడతారు. నేను మళ్లీ "నవ్వండి" అంటాను. మళ్లీ ఒకవైపే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దీనికి తిరగబడిన రోగులూ ఉంటారు, అడిగితే సమానంగా నవ్వుతారు, సంతోషం వస్తే మాత్రం ఒకవైపే కదులుతుంది.

ఫ్రాన్సుకు చెందిన డాక్టరు డ్యూషేన్ 1862లోనే రాశాడు. పెదాల చివర్లను లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుంది అని. కళ్లతో కూడా నవ్వే నవ్వుకు ఇప్పటికీ ఆయన పేరే.

ఇంకో సంగతి అందరూ తెలుసుకుని ఉంటే మంచిది. మెదడుకు దెబ్బ తగిలినవాళ్లలో, పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి సందర్భం లేకుండా నవ్వు తన్నుకొస్తుంది. లోపల సంతోషం ఉండదు, ఆపుకోవడం వాళ్ల చేతుల్లో ఉండదు. మా దగ్గర ఒకాయనకు అయినవాళ్లు పోయిన కబురు చెబితే పగలబడి నవ్వారు. చెప్పడానికి వచ్చినవాళ్లు ముఖం తిప్పుకుని బయటికి వెళ్లిపోయారు. ఆయన కళ్లు మాత్రం నావైపే చూస్తున్నాయి. ఇది జబ్బు అని, దీనికి మందులున్నాయని వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి కూర్చోబెట్టాను. అలాంటి నవ్వు ఎవరిలోనైనా కొత్తగా కనిపిస్తే కోప్పడకండి, డాక్టరుకు చూపించండి.

మీ పెద్దావిడ విషయం ఇదని అనడం లేదు. ఆడియో విని ఎవరూ అలా చెప్పకూడదు. నవ్వు వినిపించినంత మాత్రాన లోపల ఫలానాది ఉందని రాయలేమన్న మీ జాగ్రత్త సరైనదే అని చెప్పడానికే ఇదంతా.

చిట్టిగువ్వ · బుధవారం, ఉదయం 12:30

అక్కా, మా వయసువాళ్లం రోజంతా నవ్వును టైప్ చేస్తూనే ఉంటాం, కాబట్టి నేనూ రాస్తున్నా.

చాటింగ్‌లో నవ్వుకు ప్రతి భాషలో ఒక పద్ధతి ఉంది. స్పానిష్‌లో "ఖ"కూ "హ"కూ మధ్యగా పలికే అక్షరంతో హహహ రాస్తారు, అది ఇంగ్లీషు అలవాటుతో చదివితే "జజజ" అనిపిస్తుంది. థాయ్‌లో ఐదుని "హా" అంటారు, అందుకని 555 అని పెడితే నవ్వినట్టు. జపనీస్‌లో నవ్వు అనే మాట మొదటి ధ్వనిని ఇంగ్లీషు డబ్ల్యూతో రాస్తారు. అవి వరసగా నాలుగు పెడితే గడ్డి మొలిచినట్టు కనిపిస్తుందని, ఇప్పుడు "గడ్డి" అన్నా నవ్వే! కొరియావాళ్లు తమ "క" అక్షరాన్ని వరసగా పెడతారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీవాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది అసలు మాటే కాదు, కన్నీళ్లొచ్చేలా నవ్వే ఎమోజీ.

మాలో ఎవరూ నేర్పని ఒక లెక్క ఉంది. "హహహహ" అంటే నిజంగా నచ్చింది. "హహ" అంటే చదివాను. ఒక్క "హ" అంటే కోపం. మెసేజ్ చివర "హహ" వచ్చిందంటే ఆ ముందు మాట బరువైందని అర్థం. నా స్నేహితురాలు ఒకరోజు "ఉద్యోగం పోయింది హహ" అని పెట్టింది. నేను నవ్వే ఎమోజీ పెట్టాను, అలవాటుకొద్దీ. తను ఇంకేం రాయలేదు. రెండు రోజులు. ఆ ఎమోజీ ఇప్పటికీ ఆ చాట్‌లో ఉంది, పైకి జరిపినప్పుడల్లా కనిపిస్తుంది. ఫోన్ చేసి ఉండాల్సింది.

మౌనభాష · బుధవారం, ఉదయం 9:05

మా అమ్మానాన్నలిద్దరికీ వినపడదు. సైగల భాషలోనే పెరిగాను. వినపడనివాళ్లు నవ్వరని, నవ్వినా శబ్దం రాదని అనుకునేవాళ్లు చాలామంది తగిలారు నాకు. మా నాన్న నవ్వితే పక్కింటికి వినపడుతుంది.

సైగల్లో చేతులు మాట్లాడుతుంటే గొంతు ఖాళీగానే ఉంటుంది కదా, అలాంటప్పుడు ఎక్కడపడితే అక్కడ నవ్వొచ్చు. కానీ అలా జరగదు. మా నాన్న ఒక వాక్యం సైగ చేయడం పూర్తయ్యాకే నవ్వుతాడు. చేతులు ఆగిన చోట నవ్వు వస్తుంది, మీరు కామా పెట్టే చోట. ఇది మా ఇంటి సంగతే అనుకున్నాను. శబ్దగ్రాహి గారు చెప్పిన ప్రొవైనే, కరెన్ ఎమరీ అనే భాషాశాస్త్రవేత్తతో కలిసి 2006లో దీన్ని పరిశీలించారని తర్వాత చదివాను. సైగలు చేసేవాళ్లూ నవ్వును ఎక్కువగా వాక్యాల విరుపుల దగ్గరే పెడతారట. నవ్వు మాటకు అడ్డం రాదు, పక్కకు నిలబడి తన వంతు కోసం చూస్తుంది. గొంతుతోనైనా, చేతులతోనైనా.

అందుకని మీ ఫైల్లో ఆ నవ్వు "తలుపు కూడా తియ్యలేదు" అన్న తర్వాత వచ్చిందా, మధ్యలో వచ్చిందా అన్నది రాతలో సరిగ్గా చూపించండి. నా ఉద్దేశంలో అది చిన్న విషయం కాదు.

వేకువచుక్క · బుధవారం, మధ్యాహ్నం 2:12

నవ్వు అంటురోగం అంటారుగా, అది నిజంగానే జరిగింది. 1962లో టాంగన్యీకాలో, ఇప్పటి టాంజానియాలో, కషాషా అనే ఊళ్లోని ఆడపిల్లల బడిలో నవ్వు పట్టుకుని 159 మందిలో 95 మందికి పాకింది. బడి మూసేశారు!

తెల్లకోటు · బుధవారం, రాత్రి 11:20

ఆ సంగతి చాలాచోట్ల సరదా కథలా తిరుగుతోంది, అందుకే ఒక్కమాట. ఆ పిల్లలు నవ్వారు, ఏడ్చారు, స్థిమితం లేకుండా అటూ ఇటూ పరిగెత్తారు. ఒళ్లంతా పరీక్షించినా జబ్బేమీ దొరకలేదు. టెన్షన్ తట్టుకోలేని చోట గుంపుగా బయటపడే ఒక తీరుగా దాన్ని వైద్యులు చూస్తారు. అది హాయిగా నవ్విన నవ్వు కాదు.

ఆరోమెట్టు · గురువారం, ఉదయం 6:50

ఇక్కడ అందరూ నవ్వు గొప్పతనం చెబుతున్నారు. రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి.

నాకు చిన్నప్పుడు నత్తి. ఇప్పటికీ కొన్ని అక్షరాల దగ్గర ఆగుతాను. తరగతిలో వరసగా నిలబెట్టి పాఠం చదివించేవాళ్లు. నా ముందు ముగ్గురుండగానే నాకు రాబోయే పేరా లెక్కపెట్టుకుని, అందులో "ప" ఎన్నిచోట్లుందో చూసుకునేవాణ్ణి. నా వంతు వచ్చేది. మొదటి "ప" దగ్గర ఆగేవాణ్ణి. వెనక బెంచీలోంచి కిసుక్కుమనేది. ఒక్కటే. ఆ తర్వాత గది మొత్తం. చదివించే ఆయన కూడా నోటికి పుస్తకం అడ్డం పెట్టుకునేవాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనపడేది.

మాస్టారు చెప్పిన "కిసుక్కున" చదవగానే చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా.

24 సమాజాల్లో 966 మందికి, ఇద్దరు కలిసి నవ్విన ఒక్క సెకను శబ్దం వినిపించి, వాళ్లు స్నేహితులా కొత్తవాళ్లా అని అడిగారట. 2016లో వచ్చిన పరిశోధన. నూటికి 61 సార్లు సరిగ్గా చెప్పారు. ఒక్క సెకనే, పైగా చాలామందికి అది వేరే భాషవాళ్ల నవ్వు. నాకు అందులో ఆశ్చర్యం లేదు. ఒక నవ్వు లోపల నేనున్నానా, బయట ఉన్నానా అన్నది నాకు ఒక్క సెకను కూడా పట్టేది కాదు.

తెలుగులో ఇది ఎంత తేటగా ఉందో చూడండి. "నాతో నవ్వారు" అనొచ్చు, "నన్ను చూసి నవ్వారు" అనొచ్చు. క్రియ అదే, చెప్పినవాడి బతుకు వేరు. నవ్వు ఎవరి వైపు తిరిగి ఉందో రాయకపోతే ఏమీ రాయనట్టే. ఆ పెద్దావిడ ఎవరిని చూసి నవ్వింది? ఎవరితో నవ్వింది?

పదశోధి · గురువారం, ఉదయం 7:35

నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ తరగతి గదిలో నిలబడినవాణ్ణే. ఆ పుస్తకం అడ్డం పెట్టుకోవడం క్షమించదగ్గది కాదు.

"నవ్వులపాలు" అన్న మాటను పాఠంలో ఎన్నోసార్లు వివరించాను. ఇవాళ్టిదాకా అది నాకు ఒక జాతీయం మాత్రమే.

మాటామంతీ · గురువారం, మధ్యాహ్నం 3:40

ఆరోమెట్టు గారి ప్రశ్న అసలు చోటుకు తీసుకొచ్చింది. నేను సంభాషణల మీద పరిశోధన చేస్తున్నాను. అక్షరాలమూట గారికి పనికొచ్చేది నా దగ్గర ఒకటుంది.

గెయిల్ జెఫర్సన్ అని అమెరికన్ పరిశోధకురాలు. ఆవిడ కూడా మీలాగే టేపులు విని రాసే పనితోనే మొదలయ్యారు. ఇప్పుడు ప్రపంచమంతా సంభాషణల్ని రాతలో పెట్టడానికి వాడే గుర్తులు చాలావరకు ఆవిడ తయారుచేసినవే. బ్రాకెట్లో "నవ్వారు" అని రాసి ఊరుకోవద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. మాట లోపల ఎక్కడెక్కడ నవ్వు ఊపిరి పడిందో అక్కడక్కడే గుర్తు పెట్టాలి అన్నారు. ఒక మాటను నవ్వుతో కలిపి నలిపేసి సగమే వినపడేలా చేయడం కూడా మాట్లాడటంలో భాగమేనని 1985లో ఒక వ్యాసంలో చూపించారు.

మనకు కావలసింది అంతకు ముందటి ఏడు, 1984లో వచ్చింది. కష్టాలు చెప్పుకునేవాళ్ల సంభాషణల్ని ఆవిడ పరిశీలించారు. తన కష్టం చెబుతూ మనిషి నవ్వుతాడు. మామూలుగా ఒకరు నవ్వితే రెండోవాళ్లు అందుకోవాలి. ఇక్కడ అందుకోరు. చెప్పేవాళ్లు నవ్వుతారు, వినేవాళ్లు నవ్వకుండా ఆ కష్టం గురించే మాట్లాడతారు. ఆ నవ్వుతో చెప్పేవాళ్లు "నేను దీన్ని మోయగలుగుతున్నాను" అని తెలియజేస్తారు. వినేవాళ్లు నవ్వకపోవడంతో "బరువు నాకు తెలుస్తోంది" అని చెబుతారు. ఇద్దరూ నవ్వితే ఆ కష్టం తేలిపోతుంది. చిట్టిగువ్వా, నీ స్నేహితురాలి "హహ" కూడా ఇదే. నీకు తెలియక జరిగింది. నీకు ఇంత కాలం గుచ్చుకుంటోందంటే దాని అర్థం నీకు అప్పుడే లోపల తెలుసు.

అందుకని నేను అడిగేది: ఆ ఏడు సెకన్లలో మనవడు ఏం చేశాడు?

అక్షరాలమూట · గురువారం, సాయంత్రం 5:15

ఇప్పుడే మళ్లీ విన్నాను. ఇన్నిసార్లు విన్నదాన్ని, ఆ అబ్బాయి వైపు ఒక్కసారి కూడా చెవి పెట్టలేదు.

నవ్వలేదు. ఏమీ అనలేదు. మూడో సెకను దగ్గర కుర్చీ కొంచెం కిర్రుమంది, ముందుకు జరిగాడనుకుంటాను. ఏడో సెకను తర్వాత చాలా తక్కువ గొంతుతో, "మరి తలుపు ఎవరు తీశారు అమ్మమ్మా?" అని అడిగాడు.

ఆవిడ "మీ అమ్మే" అంది.

ఈ మాటలు నేను టైప్ చేసినవే. నా ఫైల్లో ఉన్నాయి. చేతితో రాశాను గానీ చదవలేదు.

చిట్టిగువ్వ · గురువారం, సాయంత్రం 5:22

అక్కా... మీకు ఫోన్ చేసింది ఆవిడే కదా.

అక్షరాలమూట · శుక్రవారం, రాత్రి 8:50

అవును, ఆవిడే.

ఈరోజు మాట్లాడాను. ఫైలు రాతలో చదివారు తప్ప ఆ చోటు ఆవిడ వినలేదట, వినడానికి ధైర్యం చాలలేదన్నారు. "మీకు ఇష్టమైతే ఇద్దరం కలిసి విందాం, వద్దంటే నేనే సరిచేసి పంపిస్తాను" అన్నాను. కాసేపాగి వింటానన్నారు. ఫోన్‌లోనే వినిపించాను. నలభై మూడో నిమిషం ముందు నుంచి, మనవడి ప్రశ్న దాకా, "మీ అమ్మే" దాకా.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నవ్విందండీ. మీరన్నది నిజమే. కానీ మీరు రాసిన నవ్వు కాదిది" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు వాళ్లమ్మ "నాకేం, బానే ఉన్నా" అని ఇలాగే అంటుందట, రెండుసార్లు ముక్కుతో.

నేను కూడా ఏమీ మాట్లాడలేదు. మాటామంతీ గారు చెప్పకపోయి ఉంటే మర్యాద కోసమైనా ఏదో ఒకటి అని, చిన్నగా నవ్వి ఉండేదాన్ని. ఫోన్‌లో నాకు ఆ అలవాటుంది.

ఆ చోట చివరికి పెట్టింది ఇది:

"తలుపు కూడా తియ్యలేదు. (మాట ముగిశాక ముక్కుతో నవ్వు, రెండుసార్లు, రెండోది చిన్నగా. గుటక. ఏడు సెకన్లు ఇద్దరూ మాట్లాడలేదు. మనవడు నవ్వలేదు.)"

మా పనిలో ఇంత పొడవు బ్రాకెట్ పెట్టకూడదు. కూతురు మాత్రం ఇలాగే ఉంచమన్నారు. మాస్టారి "కిసుక్కున" వాడాలని చూశాను, ఆరోమెట్టు గారి ఉత్తరం చదివాక ఆ మాట ఆవిడకు పెట్టబుద్ధి కాలేదు.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేనింతకుముందు చేసిన ఫైళ్లలో వెతికితే ఒక్కదాంట్లోనే 31 చోట్ల (నవ్వు) అని ఉంది. తొమ్మిది విన్నాను. అందులో నాలుగు మార్చాలి.

శబ్దగ్రాహి · శుక్రవారం, రాత్రి 9:30

మిగతావి వినేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. స్పష్టత కోసమని వేగం తగ్గించి వినకండి. బాగా తగ్గిస్తే ఏ నవ్వైనా ఏడుపులా వినిపిస్తుంది, నేను చాలాసార్లు మోసపోయాను. మామూలు వేగంలోనే పెట్టి, ముందు ఒక నిమిషం, వెనక ఒక నిమిషం కలిపి వినండి.